గడువు దాటిన కూరగాయ విత్తనాలు వాడొచ్చా? మొలక పరీక్షల అనుభవంతో ఒక జవాబు

కాకినాడ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. మేడ మీద కూరగాయలు పెంచుతారట. మూడేళ్ల కిందట కొన్న టమాట, మిరప, బెండ, ఉల్లి విత్తనాల ప్యాకెట్లు సగం సగం మిగిలిపోయాయి, గడువు ఎప్పుడో దాటిపోయింది. వాటితో పాటు వాళ్లమ్మగారు ఊరి నుంచి ఇచ్చిన నాటు కాకర గింజలు ఓ పాతిక ఉన్నాయి. అవి రెండేళ్ల నాటివి. అన్నీ వంటింటి అరలో ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నాయి. వాడొచ్చా, పారేయాలా, ఇకముందు ఎలా దాచుకోవాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఉల్లి మీద ఆశ పెట్టుకోకండి. మిరప, బెండ కొన్ని మొలవచ్చు, కానీ పరీక్షించకుండా కుండీల్లో వేయకండి. టమాట చాలావరకు బతికే ఉంటుంది. కాకర గింజలు బతికి ఉండే అవకాశం బాగానే ఉంది. అయితే ఉన్నవే పాతిక కాబట్టి వాటి దారి వేరు, చివర్లో చెబుతాను. ప్యాకెట్ మీద తేదీ చూసి ఏదీ పారేయకండి, తేదీ దాటలేదని ఏదీ నమ్మకండి. మీ డబ్బాని మాత్రం ఈ రోజే వంటింట్లోంచి తీసేయండి.

నేను ఇరవయ్యేళ్లకు పైగా విత్తన పరీక్షా ల్యాబ్‌లో పని చేశాను. ఇప్పుడు విజయనగరం దగ్గర మా సొంత స్థలంలో కూరగాయలు పండిస్తూ, గింజ కట్టుకుంటూ ఉంటాను. మీలాగే నాదీ కోస్తా తేమే. అందుకే మీ ప్రశ్నకి కాస్త వివరంగా రాయాలనిపించింది.

ఆ తేదీ అసలు దేని గురించి

1966 నాటి విత్తన చట్టం కింద ఉన్న నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద కనీస మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు రాయాలి. ఆ గడువు మామూలుగా పరీక్ష తేదీ నుంచి 9 నెలలు. గడువు అయ్యాక అదే సరుకును మళ్లీ పరీక్షిస్తారు, ప్రమాణానికి తగ్గట్టు మొలిస్తే ఇంకో 6 నెలలు పొడిగిస్తారు. అంటే అది గింజ చచ్చిపోయే రోజు కాదు. "ఫలానా రోజున చూశాం, ఇన్ని నెలల వరకు మా మాట మీద నమ్మకం పెట్టుకోవచ్చు" అని చెప్పడం, అంతే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కనీస ప్రమాణం అన్ని పంటలకీ ఒకటే కాదు. టమాట, వంగ, ఉల్లికి 70 శాతం, బెండకి 65, మిరపకి 60, దోస, కాకర, సొర లాంటి తీగ జాతులకీ 60. మిరపలో 100కి 40 గింజలు మొలవకపోయినా ఆ ప్యాకెట్ నిబంధన ప్రకారం మంచిదే. కొన్న రోజునే అలా ఉన్న సరుకు మూడేళ్ల తర్వాత ఎలా ఉంటుందో ఊహించుకోండి. మరో పక్క 92 శాతం మొలిచే సరుకు మీద కూడా 60 అనే అచ్చువేస్తారు. కాబట్టి మీ గింజ ఎక్కడ మొదలైందో ప్యాకెట్ చెప్పదు.

ప్యాకెట్ దుకాణం దాటి మీ ఇంటికి వచ్చాక ఏం జరిగిందో కూడా ఆ తేదీకి తెలియదు. ఎక్కువ భాగం నష్టం జరిగేది అక్కడే.

గింజ వయసు తేమతోనే ముదురుతుంది

ఎండిన గింజ చచ్చిన వస్తువులా కనిపిస్తుంది కానీ అది బతికే ఉంటుంది. నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ ఉంటుంది. చుట్టూ ఉన్న గాలిలో తేమ ఎక్కువైతే పీల్చుకుంటుంది, తక్కువైతే వదిలేస్తుంది. ఉప్పు డబ్బా మూత తీసి పెడితే ముసురు రోజుల్లో ఉప్పు ఎలా చెమ్మగిల్లుతుందో, గింజా అంతే. టమాట గింజని 30 శాతం తేమ ఉన్న గాలిలో ఉంచితే దాని లోపలి తేమ సుమారు 6 శాతం దగ్గర నిలుస్తుంది. 75 శాతం తేమ ఉన్న గాలిలో ఉంచితే సుమారు 11కి చేరుతుంది. కాకినాడలో, విశాఖలో వానాకాలం 75 అనేది మామూలు మాట.

6కీ 11కీ తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ హ్యారింగ్టన్ అనే అమెరికన్ విత్తన శాస్త్రవేత్త చెప్పిన లెక్క ఒకటి విత్తనాల వాళ్లందరికీ కంఠతా వచ్చు. గింజలో తేమ 1 శాతం తగ్గిన కొద్దీ దాని ఆయుష్షు రెట్టింపు అవుతుంది. దాచిన చోట వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గిన కొద్దీ కూడా రెట్టింపు అవుతుంది. మొదటి లెక్క గింజ తేమ 5 నుంచి 14 శాతం మధ్య ఉన్నప్పుడు, రెండోది 0 నుంచి 50 డిగ్రీల మధ్య పనిచేస్తుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, గడియారం పెట్టినట్టు జరగదు. అయినా 11 శాతం నుంచి 6కి దించడమంటే అయిదుసార్లు రెట్టింపు, అంటే 32 రెట్లు. ఈ బలం తెలియకే మనవాళ్లు గింజని ఎండబెట్టే పనిని అశ్రద్ధ చేస్తారు.

ఇంకో సులువైన లెక్క కూడా ఉంది. దాచిన చోటు వేడి ఫారెన్‌హీట్‌లో, గాలిలో తేమ శాతంలో తీసుకుని రెండూ కూడితే 100 దాటకూడదు. జులైలో కాకినాడ వంటింట్లో 30 డిగ్రీల సెల్సియస్ అంటే 86 ఫారెన్‌హీట్, తేమ 80 అనుకుంటే మొత్తం 166. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలంటే వేడి ఒక్కటే 104. మీ డబ్బా మూడు వానాకాలాలు, మూడు వేసవులు అలా గడిపింది.

ఇది నా కళ్లతో చూసిన ఒక సందర్భం. ఒకే వంగ మొక్కల కాయల్లోంచి తీసిన గింజని రెండు కాగితం పొట్లాలుగా కట్టి, ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను, రెండోది అనంతపురం దగ్గర ఉండే మా అక్కకి ఇచ్చాను. ఇద్దరం బీరువాలోనే పెట్టాం. ఫ్రిజ్ లేదు, సీసా లేదు. రెండేళ్లయ్యాక ఆ పొట్లం తెప్పించి రెండూ పక్కపక్కన పెట్టి పరీక్షించాను. 50 గింజల్లో అక్క పొట్లంలో 41 మొలిచాయి, నా పొట్లంలో 17. ఆ ఊళ్లో ఎండ మాకన్నా ఎక్కువే. గింజని కాపాడింది అక్కడి పొడి గాలి. రెండు పొట్లాల మీదా రాసిన తేదీ మాత్రం ఒకటే.

ముందు పోయేది సత్తువ, తర్వాతే మొలక

ల్యాబ్‌లో మేం గింజల్ని తడి కాగితం మీద వరసలుగా పేర్చి, పైన ఇంకో తడి కాగితం కప్పి, చాపలా చుట్టి నిలబెడతాం. అయిదో రోజున ఆ చుట్ట విప్పగానే, ఇంకా లెక్కపెట్టకముందే గింజ వయసు తెలిసిపోతుంది. కొత్త టమాట గింజలైతే వేర్లన్నీ దాదాపు ఒకే పొడవున, తెల్లగా, సన్నటి నూగుతో కనిపిస్తాయి. వయసు మళ్లిన గింజలైతే ఒకటి వేలెడు సాగి ఉంటుంది, పక్కది అప్పుడే పెంకు పగలదీస్తూ ఉంటుంది. ఇంకోదానికి వేరు కొస గోధుమరంగు తిరిగి మొద్దుబారిపోయి ఉంటుంది. మరోదాని ఆకులు పెంకులో ఇరుక్కుని బయటికి రాలేక మెడ వంకర తిరిగి ఉంటుంది. చూడ్డానికి మొలిచినట్టే ఉన్నా, మొక్క కాలేని ఇలాంటివాటిని అసాధారణ మొలకలు అంటాం, మొలక శాతంలో కలపం. ఇంట్లో పరీక్షించేవాళ్లు మాత్రం వాటినీ కలిపేసి "80 మొలిచాయి" అనుకుంటారు.

లోపల జరిగేది ఏమిటంటే, గింజ కణాల చుట్టూ ఉండే సన్నటి పొరలు వయసుతో చిల్లులు పడతాయి. కణం లోపలి జన్యు పదార్థానికీ దెబ్బలు తగులుతాయి. నీళ్లు తగలగానే మంచి గింజ ముందు ఆ రిపేర్లు చేసుకుని, తర్వాత మొలుస్తుంది. ముసలి గింజకి రిపేరుకే రోజులు పడతాయి, కొన్నిటికి ఆ శక్తి కూడా మిగలదు. ఇది ఇంట్లోనే చూడొచ్చు. మూడు నాలుగేళ్ల చిక్కుడు గింజలు పది, ఈ ఏడాదివి పది, రెండు గాజు గ్లాసుల్లో రాత్రి నానబెట్టండి. తెల్లారేసరికి పాతవాటి నీళ్లు మసకబారి ఉంటాయి, కొత్తవాటి నీళ్లు దాదాపు తేటగానే ఉంటాయి. ఆ మసక గింజలోంచి కారిపోయిన చక్కెరలు, లవణాలే. ల్యాబ్‌లో ఆ నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో మీటరుతో కొలిచి గింజ సత్తువ లెక్కగడతారు.

మట్టిలో వేసినప్పుడు కూడా ఆ చక్కెరలు అలాగే కారుతాయి, బూజులకి విందవుతుంది. అందుకే పాత గింజ వేసిన నారుమడిలో నారుకుళ్లు ఎక్కువగా కనిపిస్తుంది. చాలామంది కోకోపీట్‌నో (కొబ్బరి పొట్టు) నీళ్లనో తప్పుపట్టి, గింజని మాత్రం అనుమానించరు.

ఒక సంఘటన నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఒక టమాట లాట్, అంటే ఒకే విడత గింజ సరుకు, ల్యాబ్‌కి వచ్చింది. పద్నాలుగో రోజు చివరి లెక్కలో 84 శాతం. పాస్. కానీ అయిదో రోజు మొదటి లెక్కలో 30 కూడా దాటలేదు. రిపోర్టులో చివరి అంకె ఒక్కటే వెళ్తుంది. ఆ గింజ కొన్న రైతు ప్రోట్రేల్లో (నారు పెంచే గుంటల ట్రేలు) నారు పోస్తే కొన్ని ఆరో రోజున, కొన్ని పదహారో రోజున లేచాయి. నాటే సమయానికి ట్రేలో సగం మొక్కలు పనికొచ్చేవి, సగం గడ్డిపరకలు. కాగితం మీద గింజలో ఏ లోపమూ లేదు. ఆయన నష్టం మాత్రం నిజం. అప్పటి నుంచి నన్ను ఎవరడిగినా ఒకటే చెబుతున్నాను. ఎన్ని మొలిచాయో రాసుకునే ముందు ఎన్నో రోజున మొలిచాయో రాసుకోండి.

ఏ గింజ ఎంత కాలం

కాస్త బాగా ఎండి, మరీ వేడి తగలని చోట ఉంటే అన్న షరతు మీద చదవండి. ఉల్లి ఒక ఏడాది, మహా అయితే రెండు. మిరప, బెండ రెండేళ్లు. చిక్కుడు, బీన్స్, క్యారెట్, పాలకూర రెండు మూడేళ్లు. టమాట, వంగ, క్యాబేజీ, ముల్లంగి మూడు నాలుగేళ్లు. దోస, సొర, గుమ్మడి నాలుగైదేళ్లు. తోటకూర గింజ ఆవగింజకన్నా చిన్నదైనా మొండిది, నాలుగైదేళ్లు లాగుతుంది. కొత్తిమీరకి కిరాణా కొట్టు ధనియాలు వేసేవాళ్లుంటారు. అవి ఏ ఏడాదివో ఎవరికీ తెలియదు కాబట్టి ఒకసారి బాగా మొలిచి, ఇంకోసారి మొలవకపోతే ఆశ్చర్యపోకండి.

ఉల్లి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కూరగాయల్లో ఇంత త్వరగా సత్తువ పోగొట్టుకునే గింజ అరుదు. ఒక్క వానాకాలం గుడ్డ సంచిలో ఉంటే చాలు, మరుసటి ఏడాదికి సగానికి పడిపోతుంది. అదే గింజని 6 శాతం తేమకి ఎండబెట్టి, గాలి చొరబడని రేకు కవర్లో సీలు చేస్తే రెండు మూడేళ్లు నిక్షేపంగా ఉండటం నేనే చూశాను. పైకి నల్లగా, గట్టిగా, కొత్తదానిలాగే కనిపిస్తుంది కాబట్టి మోసపోవడం తేలిక. కర్నూలు వైపు ఉల్లి రైతులు ఎవరైనా ఇది చదువుతుంటే నా మాట వినండి. నిరుటి గింజ తక్కువ ధరకి వస్తోందంటే మొలక చూడకుండా నారు పోయకండి.

బెండది వేరే చిక్కు. మరీ ఎక్కువగా ఎండితే పెంకు నీళ్లని లోపలికి రానివ్వదు. వీటిని గట్టి గింజలు అంటాం. వారమైనా రాయిలా అలాగే ఉంటాయి. చచ్చాయనుకుని పారేస్తారు, కానీ అవి బతికే ఉంటాయి. మీ బెండ గింజలు నానబెట్టినప్పుడు ఉబ్బకుండా ఉన్నవాటిని ఏరి, గరుకు కాగితం మీద మెల్లగా రుద్ది మళ్లీ ఓ రాత్రి నానబెట్టండి. ఉబ్బి, నొక్కితే మెత్తగా చిదిగి వాసన వచ్చేవి చచ్చినవి.

కొత్త గింజ కూడా ఒక్కోసారి మొలవదు. వంగ, కాకర, బూడిద గుమ్మడి గింజలు కాయలోంచి తీసిన వెంటనే వేస్తే నిద్రలో ఉంటాయి, కొన్ని వారాలో నెలలో గడిచాకే బాగా మొలుస్తాయి. "ఇప్పుడే తీసిన గింజ, అయినా మొలవలేదు" అని దిగులుపడేవాళ్లు ఇంకో రెండు నెలలు ఆగి చూడాలి.

ఇంట్లో మొలక పరీక్ష

ల్యాబ్‌లో 400 గింజలు, వందేసి చొప్పున నాలుగు భాగాలుగా చేసి చూస్తాం. మీకు అంత అక్కర్లేదు. అలాగని పదింటితో తేల్చేయకండి. పదిలో ఏడు మొలిచాయంటే 70 శాతం అని రాసుకోవద్దు. అదే పొట్లంలోంచి ఇంకో పది తీస్తే అయిదు రావచ్చు, తొమ్మిదీ రావచ్చు. కనీసం 25, వీలైతే 50 గింజలు తీసుకోండి. పెద్దవీ నిగనిగలాడేవీ ఏరకుండా, పొట్లాన్ని కలిపి చేతికొచ్చినవి తీయాలి.

రెండు మూడు పొరల టిష్యూ కాగితం తడిపి, పిండితే చుక్క కారని తడిలో ఉంచి, గింజలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. నీళ్లు ఎక్కువైతే గింజకి ఊపిరాడదు, పాత గింజకైతే మరీ ప్రమాదం. డబ్బా మీద తేదీ రాయండి. టమాటకి అయిదో రోజు, పద్నాలుగో రోజు చూడాలి. మిరపకి, వంగకి ఏడు, పద్నాలుగు. ఉల్లికి ఆరు, పన్నెండు. బెండకి నాలుగు, ఇరవై ఒకటి. దోసకి నాలుగు, ఎనిమిది. మొదటి లెక్కలో వచ్చినవే మీకు నిజంగా మంచి మొక్కలిచ్చేవి.

నీళ్లలో వేసి తేలినవి తాలు, మునిగినవి మంచివి అనే పద్ధతి మీద ఆధారపడొద్దు. అది ఖాళీ గింజని పట్టిస్తుంది కానీ ముసలి గింజని పట్టించదు. చచ్చిన ఉల్లి గింజ చక్కగా మునుగుతుంది. సొర, కాకర గింజల్లో పెంకు లోపల గాలి ఉండటం వల్ల మంచివి కూడా తేలతాయి.

లెక్క వచ్చాక ఏం చేయాలంటే, 75 పైన ఉంటే మామూలుగా వాడండి. 50కీ 75కీ మధ్య ఉంటే గుంటకి ఒకటి బదులు రెండు మూడు గింజలు వేసి, ముందు లేచిన బలమైనదాన్ని ఉంచి మిగతావి తీసేయండి. మేడ మీద తోటకి ఇది సరిపోతుంది. పొలానికైతే 60 కిందికి పడిన గింజతో సాహసం చేయొద్దనే నా సలహా. సగం ఎకరం నారు ఎగుడుదిగుడుగా వచ్చిందంటే గింజ ఖర్చుకి ఎన్నో రెట్లు పోతుంది. 50 లోపు ఉంటే, ఆ రకం ఎక్కడా దొరకనిది అయితే తప్ప వదిలేయండి. రంగు పూసిన గింజలైతే వాటికి మందు పట్టించి ఉంటుంది. చేతులు కడుక్కోండి, కోళ్లకీ పక్షులకీ వేయకండి.

కొంచెం సత్తువ తగ్గిన గింజని కొన్ని గంటలు నానబెట్టి, నీడలో ఆరబెట్టి వెంటనే విత్తితే కాస్త తొందరగా, సమానంగా లేస్తుంది. చచ్చిన గింజని మాత్రం ఏ ద్రావణమూ లేపదు. అలా అమ్మేవాళ్ల మాటలు నమ్మకండి.

దాచుకోవడం: ముందు పొడి, తర్వాత మూత, ఆ తర్వాత చల్లదనం

ఈ వరస తప్పితే మంచి కన్నా చెడే ఎక్కువ. సరిగ్గా ఎండని గింజని సీసాలో బిగిస్తే, గుడ్డ సంచిలో ఉన్నదానికన్నా ముందే చస్తుంది. తేమ బయటికి పోయే దారి ఉండదు, లోపల ముక్కిపోతుంది.

మీ సొంత గింజ అయితే కాయ పూర్తిగా పండాలి. టమాట ఎర్రబడి మెత్తబడాలి, వంకాయ పసుపు తిరగాలి, బెండ చెట్టు మీదే ఎండి గోధుమరంగు రావాలి. లేత కాయ గింజ ఈ ఏడాది మొలిచినా ఏడాది నిలవదు. అలాగని పండి ఎండిన బెండకాయల్ని వానలో వదిలేయకండి. గింజ ముసలితనం చెట్టు మీదే మొదలైపోతుంది.

తీసిన గింజని గుడ్డ మీదో కాగితం మీదో పలచగా పరిచి, నీడలో గాలి ఆడేచోట నాలుగైదు రోజులు ఆరబెట్టండి. ఏప్రిల్ మధ్యాహ్నం సిమెంటు డాబా మీదో, స్టీలు పళ్లెంలోనో పోసి ఎండలో పెట్టకండి. తడి గింజకి 40 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అప్పుడే దెబ్బతింటుంది. పొద్దుటి లేత ఎండ పరవాలేదు.

కోస్తాలో నీడన ఎంత ఆరినా 10, 11 శాతం దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే గాలే తడిగా ఉంది. అక్కడ సిలికా జెల్ కావాలి. గింజ ఎంత బరువుంటే అంత బరువు సిలికా జెల్‌ని పల్చటి గుడ్డలో మూటకట్టి, గింజ పొట్లంతో పాటు గట్టి మూత ఉన్న డబ్బాలో వారం రోజులు ఉంచండి. బూట్ల పెట్టెలో వచ్చే చిన్న పొట్లాం ఒకటి వేస్తే సరిపోదు. నీలం రంగు సిలికా జెల్ గులాబీ రంగుకి తిరిగితే అది తేమతో నిండిపోయినట్టు. మందపాటి మూకుడులో సన్న సెగ మీద వేడి చేస్తే మళ్లీ నీలం అవుతుంది. సిలికా దొరక్కపోతే బియ్యాన్ని దోరగా వేయించి, మూతపెట్టి చల్లార్చి, అలాగే మూటకట్టి వాడొచ్చు. బలం తక్కువ కాబట్టి రెండు మూడుసార్లు మార్చాలి. బెండ, చిక్కుడు గింజల్ని మాత్రం రెండు మూడు రోజులకే బయటికి తీసేయండి, మరీ ఎండితే పైన చెప్పిన గట్టి గింజలవుతాయి.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి సొర గింజనో గుమ్మడి గింజనో వంచి చూడండి. వంగితే ఇంకా తడి ఉంది, టక్కున విరగాలి.

తర్వాత గాజు సీసా, మూత లోపల రబ్బరు ఉన్నది. మామూలు ప్లాస్టిక్ కవర్ నీళ్లని ఆపుతుంది కానీ ఆవిరిని పూర్తిగా ఆపదు, నెలల మీద తేమ లోపలికి చేరిపోతుంది. రకానికొక చిన్న కాగితం పొట్లం కట్టి, పేరు, కోసిన నెల, ఏడాది పెన్సిల్‌తో రాసి, అన్నీ ఒకే సీసాలో వేసి, అడుగున కొంచెం సిలికా పోసి బిగించండి. ఆ సీసాని ఫ్రిజ్‌లో, తలుపు దగ్గర కాకుండా లోపలి అరలో పెట్టండి. 30 డిగ్రీల గది నుంచి 5 డిగ్రీల ఫ్రిజ్‌కి అంటే అయిదుసార్లు రెట్టింపు.

ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మూత తెరవకండి. చల్లటి గింజ మీద బయటి గాలిలోని ఆవిరి మంచులా పడుతుంది. ఆరు నెలలు కష్టపడి కాపాడిన పొడితనం అయిదు నిమిషాల్లో పోతుంది. సాయంత్రం బయటపెట్టి, పొద్దున తెరవండి, కావలసినవి తీసుకుని వెంటనే బిగించి లోపల పెట్టండి. ఫ్రిజ్ లేకపోయినా దిగులు లేదు. బాగా ఎండిన గింజ గాలి చొరబడని సీసాలో ఉంటే, ఇంట్లో ఎండ తగలని గోడ పక్కన కూడా రెండు మూడేళ్లు నిలుస్తుంది. పొడితనం లేకుండా ఫ్రిజ్ ఒక్కటే ఉంటే అంత మేలు జరగదు.

మన దేశపు జాతీయ జన్యు బ్యాంకు ఢిల్లీలో ఉంది, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. ఢిల్లీలో దీర్ఘకాలం దాచే గింజల్ని 3 నుంచి 7 శాతం తేమకి ఎండబెట్టి, రేకు కవర్లలో సీలు చేసి, మైనస్ 18 డిగ్రీల్లో పెడతారు. వాళ్ల వరసా ఇదే: పొడి, మూత, చల్లదనం.

వంటింటి అర గురించి కూడా చెప్పాలి. "మా అమ్మమ్మ వంటింట్లోనే దాచేది, బాగానే మొలిచేవి" అని చాలామంది అంటారు. నిజమే. ఆ వంటింట్లో కట్టెల పొయ్యి ఉండేది. బీరకాయ, సొరకాయ ఎండబెట్టి పొయ్యి పైన దూలానికి వేలాడదీసేవారు. రోజూ తగిలే వెచ్చటి పొగతో ఇంట్లో అన్నిటికన్నా పొడిగా ఉండే చోటు అదే, పురుగూ చేరేది కాదు. గింజలకి జల్లించిన బూడిద కలిపి కుండలో పోసి మూతి మూసేవారు. పొడి బూడిద తేమ పీలుస్తుంది, పురుగుని ఆపుతుంది. ఇప్పటి వంటింట్లో గ్యాసు మంట, కుక్కర్ ఆవిరి, సింకు. ఇంట్లో అన్నిటికన్నా తడిగా ఉండే చోటు అదే అయ్యింది. అమ్మమ్మ పద్ధతి తప్పు కాదు, వంటిల్లు మారిపోయింది.

ఇక మీ కాకర గింజలు

పాతిక గింజలతో మొలక పరీక్ష చేయకండి. విత్తడమే పరీక్ష. ముందు అన్నిటినీ వంటింట్లోంచి తీసి సిలికా డబ్బాలో వారం ఉంచండి. తర్వాత 13 గింజల్ని సీసాలో బిగించి ఫ్రిజ్‌లో పెట్టేయండి. అన్నీ ఒకేసారి వేస్తే ఒక్క ఎలుకో, ఒక్క రాత్రి వానో మీ అమ్మగారి రకాన్ని మొత్తంగా తుడిచేయగలదు.

మిగిలిన 12ని చలి లేని రోజుల్లో, జూన్‌లోనో ఫిబ్రవరి చివర్లోనో మొదలుపెట్టండి. కాకర పెంకు మందం. గోళ్లు కత్తిరించే కట్టర్‌తో గింజ మొన పక్కన పెంకుని కొద్దిగా తుంచండి, లోపలి తెల్లటి పప్పుకి తగలకూడదు. తడి గుడ్డలో చుట్టి ఒక పూట ఉంచి, చిన్న కప్పుల్లో కొత్త కోకోపీట్ వేసి, అర అంగుళం లోతున పెట్టండి. పాత గింజకి సగటున రెట్టింపు రోజులు ఇవ్వాలి. పదో రోజుకి రాలేదని తవ్వి చూడకండి, మూడు వారాలు ఆగండి.

నాలుగు మొక్కలు నిలిచినా చాలు, రకం మళ్లీ కొత్తదవుతుంది. చుట్టుపక్కల వేరే కాకర ఉంటే, ఆడ మొగ్గ కింద చిన్న కాయలా ఉబ్బి ఉంటుంది కాబట్టి సాయంత్రమే గుర్తుపట్టి దాన్నీ, దగ్గరలోని మగ మొగ్గనీ దారంతో వదులుగా కట్టండి. పొద్దున్నే విప్పి మగపువ్వుతో ఆడపువ్వుని తాకించి, మళ్లీ కట్టి, ఆ కాయ తొడిమకి రంగు దారం ముడివేయండి. వేర్వేరు పాదుల పువ్వులు కలిపితే ఇంకా మంచిది.

రంగు దారం కట్టిన కాయల్ని కూరకి కోయకండి. కాయ నారింజ రంగు తిరిగి, అడుగున పగలబోతుండగా తీసి, గింజ చుట్టూ ఉన్న ఎర్రటి గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, సిలికాలో వారం ఉంచి, పొట్లం మీద మీ అమ్మగారి ఊరి పేరు, ఆ ఏడాది రాసి సీసాలో వేయండి. ఫ్రిజ్‌లో ఉంచిన పాత 13 గింజల్ని, ఈ కొత్త గింజ మొలిచి కాయ కాసేదాకా తీయకండి.